సుక్మా క్యాంపులో జవాను, గల్ఫ్‌లో కార్మికుడు: ఊరికి దూరంగా ఉంటే ఓటు ఎలా? ఫ్యాక్స్‌లో దరఖాస్తు పంపొచ్చా?

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా మనకు దూరమేమీ కాదు. శబరి ఒడ్డున ఉన్న కోంటాను, అంటే మనవాళ్లు కుంట అని పిలిచే ఊరిని దాటితే చింతూరు ప్రాంతం వస్తుంది. ఆ జిల్లా అడవుల్లోని సీఆర్‌పీఎఫ్, కోబ్రా క్యాంపుల్లో తెలుగు జవాన్లు కూడా పనిచేస్తున్నారు. 2021 ఏప్రిల్ 3న సుక్మా-బీజాపూర్ సరిహద్దులో మావోయిస్టుల దాడిలో చనిపోయిన 22 మందిలో ఇద్దరు ఆంధ్రప్రదేశ్ వారే.

అక్కడ ఎన్నికలు జరిగినప్పుడు పోలింగ్ కేంద్రాలకు కాపలా కాసేది ఈ జవాన్లే. మరి వాళ్ల సొంత ఓటు సంగతేంటి? ఊళ్లో పోలింగ్ జరిగే రోజు సెలవు దొరకదు. దొరికినా, సర్వీస్ ఓటరుగా పేరు నమోదైన వ్యక్తి ఊళ్లో పోలింగ్ కేంద్రానికి వెళ్లి ఓటేయడం కుదరదు.

అమెరికాలో ఇలాంటి ఓటర్లు దరఖాస్తును ఫ్యాక్స్‌లో కూడా పంపుతారని విన్నవాళ్లు మన దగ్గర కూడా అలా పంపొచ్చా అని అడుగుతుంటారు. మన దేశంలో ఆ దారి లేదు. ఉన్న దారి ఇది: దరఖాస్తు యూనిట్ ద్వారా వెళుతుంది, బ్యాలెట్ కంప్యూటర్‌లో వస్తుంది, వేసిన ఓటు కాగితం మీద తపాలాలో తిరిగి వెళుతుంది. ఈ మూడింటిలో ఏది ఆలస్యమైనా ఓటు మురిగిపోతుంది.

ఎవరికి ఏ దారి ఉంది, ఏ ఫారం కావాలి, ఎక్కడ తప్పు జరుగుతుంది అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం.

సర్వీస్ ఓటరు అంటే ఎవరు?

1950 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 20వ సెక్షన్ నాలుగు రకాల వాళ్లకు ఈ హోదా ఇచ్చింది.

- కేంద్ర సాయుధ దళాల్లో పనిచేసేవారు. సైన్యం, నౌకాదళం, వైమానిక దళంతో పాటు సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్, ఐటీబీపీ వంటి కేంద్ర బలగాలవారికి కూడా సర్వీస్ ఓటరుగా నమోదయ్యే వీలుంది.
- ఆర్మీ చట్టం వర్తించే ఇతర దళాలవారు.
- ఒక రాష్ట్ర సాయుధ పోలీసు దళంలో ఉండి, ఆ రాష్ట్రం బయట పనిచేసేవారు.
- భారత ప్రభుత్వ ఉద్యోగులుగా విదేశాల్లో పనిచేసేవారు. రాయబార కార్యాలయాల సిబ్బంది ఈ కోవలోకి వస్తారు.

ఇక్కడ మూడో అంశాన్ని జాగ్రత్తగా గమనించాలి. తెలంగాణ సాయుధ పోలీసు బెటాలియన్ ఛత్తీస్‌గఢ్‌లో డ్యూటీకి వెళితే అందులోని కానిస్టేబుల్ సర్వీస్ ఓటరు కావచ్చు. అదే సుక్మాలో పనిచేసే ఛత్తీస్‌గఢ్ సాయుధ పోలీసు తన సొంత రాష్ట్రంలోనే ఉన్నారు కాబట్టి ఆయనకు ఈ హోదా రాదు. ఇద్దరూ ఒకే క్యాంపులో ఉన్నా ఓటు దారులు వేరు.

పేరు నమోదు ఎలా?

సాయుధ దళాలవారికి ఫారం 2, రాష్ట్రం బయట పనిచేసే రాష్ట్ర సాయుధ పోలీసులకు ఫారం 2ఎ, విదేశాల్లోని ప్రభుత్వ ఉద్యోగులకు ఫారం 3 ఉన్నాయి. సాధారణ ఓటర్లు నింపే ఫారం 6తో వీటికి సంబంధం లేదు.

జవాను తన ఫారంలో సొంతూరి చిరునామా రాయాలి. ఉద్యోగంలో లేకపోయి ఉంటే ఎక్కడ నివసించేవారో ఆ చిరునామా అన్నమాట. సుక్మా నుంచి జమ్మూకు, జమ్మూ నుంచి మణిపూర్‌కు బదిలీ అయినా ఓటు మాత్రం బొబ్బిలిలోనో నర్సంపేటలోనో ఉంటుంది. ఫారాన్ని యూనిట్‌లో ఇస్తే కమాండింగ్ అధికారి లేదా రికార్డు ఆఫీసు పరిశీలించి, ఎన్నికల సంఘం సర్వీస్ ఓటర్ల పోర్టల్ ద్వారా సొంత నియోజకవర్గ ఓటరు నమోదు అధికారికి పంపుతుంది. ఆ అధికారి ఆమోదించాక పేరు ఓటర్ల జాబితా చివరి భాగంలో చేరుతుంది. సర్వీస్ ఓటర్ల జాబితా ఎప్పుడూ విడిగా, చివర్లోనే ఉంటుంది. బూత్ జాబితాలో వెతికి పేరు లేదని కంగారు పడేవాళ్లు అక్కడ చూడాలి.

ఈ ఫారంతో పాటు, సాధారణ ఓటరుగా మరెక్కడా పేరు లేదని ఒక ధ్రువీకరణ ఇవ్వాలి. 18 ఏళ్లు నిండగానే ఊళ్లో ఓటరు కార్డు తీసుకుని, ఆ తర్వాత ఉద్యోగంలో చేరినవాళ్లకు చిక్కు వచ్చేది ఇక్కడే. ఊళ్లోని పేరు తీయించుకోకుండా యూనిట్‌లో మళ్లీ నమోదు చేయించుకుంటే రెండు చోట్లా ఓటు ఉన్నట్టవుతుంది. తప్పుడు ధ్రువీకరణకు ఏడాది దాకా జైలు శిక్ష పడే అవకాశం చట్టంలో ఉంది. ముందుగా పాత పేరు తొలగింపునకు దరఖాస్తు చేసుకోవడం మంచిది.

ఇంకో దారి కూడా ఉంది. కుటుంబంతో కలిసి శాంతియుత ప్రాంతంలో స్థిరంగా ఉంటున్న సైనికులు, పోస్టింగ్ ఉన్న చోటే సాధారణ ఓటరుగా నమోదు కావచ్చని 2014 మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. కానీ కుటుంబాన్ని ఊళ్లో వదిలి, అడవి మధ్య క్యాంపులో ఉండే సుక్మా జవానుకు ఆ దారి పనికిరాదు.

భార్య ఓటు ఎక్కడ?

సర్వీస్ ఓటరుతో కలిసి ఉంటేనే జీవిత భాగస్వామికి కూడా సర్వీస్ ఓటరు హోదా వస్తుంది. సుక్మా క్యాంపుల్లో కుటుంబాలు ఉండవు కాబట్టి ఆ జవాన్ల భార్యలు తాముంటున్న ఊళ్లో మామూలుగా ఫారం 6 ద్వారానే నమోదు కావాలి, బూత్‌కు వెళ్లి ఓటేయాలి. కొడుకులు, కూతుళ్లకు తల్లిదండ్రుల ఉద్యోగం వల్ల ఈ హోదా రాదు.

చాలాకాలం చట్టంలో ‘భార్య’ అనే మాటే ఉండేది. సైన్యంలో పనిచేసే మహిళ భర్తకు ఈ వీలు ఉండేది కాదు. 2021లో చేసిన సవరణతో ఆ మాటను ‘జీవిత భాగస్వామి’గా మార్చారు. 2022 ఆగస్టు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది.

బ్యాలెట్ కంప్యూటర్‌లో రావడం ఎప్పుడు మొదలైంది?

2016 దాకా బ్యాలెట్ పత్రం తపాలాలోనే వెళ్లేది, తపాలాలోనే తిరిగి వచ్చేది. అభ్యర్థుల తుది జాబితా ఖరారయ్యాక పత్రాలు ముద్రించి, కవర్లలో పెట్టి పంపేసరికి సగం సమయం అయిపోయేది. మారుమూల క్యాంపుకు కవరు చేరేసరికే ఓట్ల లెక్కింపు పూర్తయిన సందర్భాలు తక్కువేమీ కాదు. 2014 లోక్‌సభ ఎన్నికల్లో సుమారు 13 లక్షల మంది సర్వీస్ ఓటర్లుంటే, తిరిగి వచ్చిన ఓట్లు 4 శాతమే.

2016 అక్టోబరులో ఎన్నికల నిర్వహణ నిబంధనల్లోని 23వ నిబంధనను సవరించారు. బ్యాలెట్‌ను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపడానికి అనుమతి వచ్చింది. పుణెలోని సీ-డాక్ సాయంతో ఎన్నికల సంఘం ఈటీపీబీఎస్ అనే విధానాన్ని తయారు చేసింది. అదే ఏడాది పుదుచ్చేరిలోని నెల్లితోప్ ఉపఎన్నికలో దాన్ని మొదటిసారి వాడారు.

ఫలితం 2019 లోక్‌సభ ఎన్నికల్లో కనిపించింది. 18,02,646 మంది సర్వీస్ ఓటర్లలో 10,84,266 మంది ఓట్లు తిరిగి వచ్చాయి. అంటే 60 శాతానికి పైగా. ఓటేయాలన్న ఆసక్తి జవాన్లకు ముందు నుంచీ ఉంది, అడ్డుపడింది తపాలా సమయమేనని ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. మిగిలిన ఏడు లక్షలకు పైగా ఓట్లు ఎక్కడ ఆగాయన్నది ఇప్పటి ప్రశ్న.

బ్యాలెట్ వచ్చాక ఏం చేయాలి?

అభ్యర్థుల తుది జాబితా ఖరారైన 24 గంటల్లోగా రిటర్నింగ్ అధికారి బ్యాలెట్‌ను పోర్టల్ ద్వారా పంపాలి. జవాను ఓటీపీతో దాన్ని డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఫైలు తెరవడానికి విడిగా ఒక పిన్ నంబరు కావాలి. బ్యాలెట్‌తో పాటు మూడు కాగితాలు ముఖ్యం.

- ఫారం 13ఎ: ఈ ఓటు వేసింది నేనే అని ఓటరు ఇచ్చే డిక్లరేషన్.
- ఫారం 13బి: లోపలి కవరు మీద అంటించాల్సింది.
- ఫారం 13సి: పైకవరు మీద అంటించాల్సింది. రిటర్నింగ్ అధికారి చిరునామా దీని మీదే ఉంటుంది.

ప్రింట్ తీసుకున్న బ్యాలెట్ మీద నచ్చిన అభ్యర్థి పేరుకు ఎదురుగా టిక్ గానీ, ఇంటూ గుర్తు గానీ పెట్టాలి. బ్యాలెట్ మీద సంతకం చేయకూడదు, పేరు రాయకూడదు. ఓటరు ఎవరో తెలిసేలా ఏ గుర్తు పెట్టినా ఓటు చెల్లదు. బ్యాలెట్‌ను మడిచి లోపలి కవరులో పెట్టి అంటించాలి.

డిక్లరేషన్ మీద సంతకం చేసి, కమాండింగ్ అధికారి నియమించిన అధికారితో ధ్రువీకరణ చేయించుకోవాలి. ఆ డిక్లరేషన్‌ను లోపలి కవరులో పెట్టకూడదు. అంటించిన లోపలి కవరునూ, డిక్లరేషన్‌నూ పక్కపక్కన పైకవరులో పెట్టి స్పీడ్ పోస్టులో వేయాలి. స్టాంపు అక్కర్లేదు.

ఎక్కువ ఓట్లు పోయేది ఇక్కడే. డిక్లరేషన్ లేకపోయినా, సంతకం మరిచినా, ధ్రువీకరణ లేకపోయినా, డిక్లరేషన్ మీది బ్యాలెట్ నంబరు కవరు మీది నంబరుతో కలవకపోయినా లోపలి కవరు తెరవకుండానే ఆ ఓటును పక్కన పెడతారు. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు ఒకేసారి వస్తే రెండు బ్యాలెట్లు, రెండు జతల కవర్లు ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ జవాన్లకు 2019లోనూ, 2024లోనూ అలాగే వచ్చాయి. ఒకదాని బ్యాలెట్ ఇంకోదాని కవరులో పడితే రెండూ పోతాయి.

ధ్రువీకరణ సంతకం ఎంత పెద్ద గొడవ తేగలదో 2024లో ఆంధ్రప్రదేశ్ చూసింది. ఆ ఎన్నికల్లో రాష్ట్రంలో ఐదు లక్షలకు పైగా పోస్టల్ బ్యాలెట్లు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగులవి. ఫారం 13ఎ మీద ధ్రువీకరించిన అధికారి సంతకం ఉండి, ముద్ర లేకపోయినా ఓటు చెల్లుతుందన్న ఆదేశాలను వైఎస్సార్‌సీపీ సవాలు చేసింది. లెక్కింపునకు మూడు రోజుల ముందు హైకోర్టు, ముందు రోజు సుప్రీంకోర్టు ఆ అభ్యర్థనను తోసిపుచ్చాయి. సుక్మాలోని జవాను ఇలాంటి వివాదానికి తావివ్వకూడదనుకుంటే సంతకంతో పాటు అధికారి పేరు, హోదా, ముద్ర కూడా వేయించుకోవాలి.

తిరిగి పంపడం కూడా కంప్యూటర్‌లో ఎందుకు పెట్టలేదు?

రహస్యం కోసం. కాగితం పద్ధతిలో ఓటరు పేరున్న డిక్లరేషన్‌ను ముందు పరిశీలిస్తారు. అది సరిగా ఉంటే లోపలి కవర్లన్నీ వేరు చేసి, తర్వాత తెరుస్తారు. ఎవరి ఓటు ఏదో అప్పటికి ఎవరికీ తెలియదు. అదే బ్యాలెట్‌ను ఫ్యాక్స్‌లోనో ఈమెయిల్‌లోనో పంపితే, పంపినవారి పేరూ వేసిన ఓటూ అందుకున్న గుమస్తాకు ఒకేసారి కనిపిస్తాయి. పై అధికారి కింద పనిచేసే జవాను విషయంలో ఈ రహస్యం ఇంకా ముఖ్యం.

చేతిలో ఎన్ని రోజులు ఉంటాయి?

లెక్కింపు మొదలయ్యే సమయానికి ముందే, మామూలుగా ఆ రోజు ఉదయం 8 గంటలలోపు, కవరు రిటర్నింగ్ అధికారికి చేరాలి. 8 దాటాక వచ్చిన కవరును తెరవరు. పోలింగ్ తేదీలోపు చేరాలన్న నియమం సర్వీస్ ఓటరుకు లేదు. కాబట్టి లెక్క వేయాల్సింది నామినేషన్ల ఉపసంహరణ గడువు నుంచి ఓట్ల లెక్కింపు దాకా.

2024లో ఆంధ్రప్రదేశ్‌లో నామినేషన్ల ఉపసంహరణ గడువు ఏప్రిల్ 29, పోలింగ్ మే 13, లెక్కింపు జూన్ 4. అంటే 36 రోజులు. ఏడు విడతల ఎన్నిక కావడం వల్ల లెక్కింపు ఆలస్యమై జవానుకు కలిసొచ్చింది.

2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో ఉపసంహరణ గడువు నవంబరు 15, లెక్కింపు డిసెంబరు 3. అంటే 18 రోజులే. ఆ నవంబరు 7నే సుక్మాలో ఛత్తీస్‌గఢ్ తొలి విడత పోలింగ్ జరిగింది. పోలింగ్ రోజు ఉదయమే ఆ జిల్లాలో మందుపాతర పేలి కోబ్రా జవాను ఒకరు గాయపడ్డారు. అక్కడి ఎన్నికల విధులు ముగించుకుని, మళ్లీ క్యాంపు చేరి, ఓటీపీ వచ్చే చోటు, ప్రింటరు ఉన్న గది, ధ్రువీకరించే అధికారి, తపాలా సంచీ తీసుకెళ్లే బండి అన్నీ 18 రోజుల్లో కుదరాలి. అసెంబ్లీ ఎన్నికలకు, ఉపఎన్నికలకు గడువు ఇలాగే తక్కువగా ఉంటుంది. బ్యాలెట్ వచ్చిన రోజే పని పూర్తి చేసి పంపడం తప్ప వేరే జాగ్రత్త లేదు.

ఒక్క ఓటుతో ఏమవుతుంది?

2019లో విజయవాడ సెంట్రల్‌లో గెలుపు తేడా 25 ఓట్లు. 2024లో ముంబై వాయవ్య లోక్‌సభ స్థానంలో ఈవీఎం ఓట్లలో ఒక్క ఓటు వెనకబడిన అభ్యర్థి, పోస్టల్ బ్యాలెట్లు కలిశాక 48 ఓట్లతో గెలిచారు. అందుకే గెలుపు తేడా కన్నా తిరస్కరించిన పోస్టల్ బ్యాలెట్లు ఎక్కువగా ఉంటే, వాటన్నింటినీ మళ్లీ పరిశీలించాలన్న నియమం పెట్టారు. సుక్మా జిల్లాలోని కోంటా స్థానంలో 2023 గెలుపు తేడా కూడా రెండు వేల లోపే.

ప్రాక్సీ ఓటు

సాయుధ దళాలవారికి, ఆర్మీ చట్టం వర్తించే దళాలవారికి 2003 నుంచి మరో వీలుంది. సొంతూళ్లో ఒకరిని తన తరఫున ఓటేయడానికి ప్రతినిధిగా నియమించుకోవచ్చు. ఇలా ఎంచుకున్నవారిని క్లాసిఫైడ్ సర్వీస్ ఓటరు అంటారు. రాష్ట్ర సాయుధ పోలీసులకు, విదేశాల్లోని ప్రభుత్వ ఉద్యోగులకు ఈ వీలు లేదు.

ఆ ప్రతినిధి 18 ఏళ్లు నిండి, అదే నియోజకవర్గంలో నివసిస్తూ ఉండాలి. నియామకానికి ఫారం 13ఎఫ్, రద్దుకు ఫారం 13జి. రద్దు చేసేదాకా ఆ నియామకం కొనసాగుతుంది. ప్రతినిధి బూత్‌కు వెళ్లి తన ఓటు తాను వేసుకోవచ్చు, జవాను ఓటు కూడా వేయవచ్చు. జవాను తరఫున వేసినప్పుడు సిరా గుర్తు ఎడమచేతి మధ్యవేలికి పెడతారు. నెట్‌వర్కూ తపాలా రెండూ నమ్మలేని క్యాంపులో ఉన్నవారికి ఇది పనికొచ్చే దారి. కాకపోతే మనం చెప్పినట్టే ఓటేశారా లేదా అన్నది నమ్మకం మీదే ఆధారపడి ఉంటుంది.

సుక్మాలో పనిచేసే స్థానిక పోలీసులు, ఉపాధ్యాయుల మాటేమిటి?

వీరు సర్వీస్ ఓటర్లు కారు, ఎన్నికల విధుల్లో ఉన్న ఓటర్లు. డ్యూటీ సొంత నియోజకవర్గంలోనే పడితే ఫారం 12ఎతో దరఖాస్తు చేసి ఎలక్షన్ డ్యూటీ సర్టిఫికెట్ తీసుకుని, పనిచేసే బూత్‌లోనే ఓటేయొచ్చు. వేరే చోట పడితే ఫారం 12తో పోస్టల్ బ్యాలెట్ అడగాలి. 2023 ఆగస్టులో తెచ్చిన 18ఎ నిబంధన ప్రకారం వీరు బ్యాలెట్‌ను ఇంటికి తీసుకెళ్లి తపాలాలో పంపడం కుదరదు, ఫెసిలిటేషన్ సెంటర్‌లోనే ఓటేయాలి. 85 ఏళ్లు దాటినవారు, 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్నవారు ఇంటి దగ్గరే ఓటేయడానికి ఇచ్చే ఫారం 12డి వేరు. ఫారాల పేర్లు దగ్గరగా ఉండటంతో ఒకదానికి బదులు ఇంకొకటి నింపడం తరచూ జరుగుతుంది.

విదేశాల్లో ఉన్న తెలుగువారు

కువైట్‌లో కార్మికుడైనా, డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగైనా, భారత పౌరసత్వం వదులుకోనంతవరకు ఓటరుగా నమోదు కావచ్చు. 2010లో చట్టానికి 20ఎ సెక్షన్ చేర్చారు, 2011 ఫిబ్రవరి నుంచి అమలైంది. దీనికి ఫారం 6ఎ నింపాలి. ఆన్‌లైన్‌లో పంపొచ్చు, తపాలాలో పంపొచ్చు, ఊరికి వచ్చినప్పుడు నేరుగా ఇవ్వొచ్చు. ఫ్యాక్స్ మాత్రం వీటిలో లేదు. ఫొటో, పాస్‌పోర్టులో ఫొటో, చిరునామా ఉన్న పేజీల నకళ్లు, చెల్లుబాటయ్యే వీసా పేజీ జత చేయాలి. పాస్‌పోర్టులో ఉన్న స్వదేశీ చిరునామాయే నియోజకవర్గాన్ని నిర్ణయిస్తుంది.

ఇంత చేసినా బ్యాలెట్ విదేశానికి రాదు. పోలింగ్ రోజు స్వయంగా ఊరికి వచ్చి, అసలు పాస్‌పోర్టు చూపించి ఓటేయాలి. ఓటరు కార్డు కూడా ఇవ్వరు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 1,19,374 మంది ప్రవాస ఓటర్లు నమోదైతే ఓటేసింది 2,958 మంది. అందులో 2,670 మంది కేరళవారే. ఆంధ్రప్రదేశ్‌లో 7,927 మందికి గాను వచ్చి ఓటేసినవారు 195 మంది. విమాన టికెట్టు, సెలవు భారం ఎవరు మోస్తారన్నదే ఈ అంకెల వెనకున్న సంగతి.

దీన్ని మార్చాలని లండన్‌లోని తెలుగువాడు నాగేందర్ చిందం పదేళ్ల క్రితమే సుప్రీంకోర్టుకు వెళ్లారు. ప్రవాసులకు ప్రాక్సీ ఓటు ఇచ్చే బిల్లు 2018 ఆగస్టులో లోక్‌సభలో నెగ్గింది. రాజ్యసభకు చేరేలోపే లోక్‌సభ గడువు ముగిసి 2019లో మురిగిపోయింది. సర్వీస్ ఓటర్లకు ఉన్న ఈటీపీబీఎస్‌ను ప్రవాసులకూ వర్తింపజేయవచ్చని 2020 నవంబరులో ఎన్నికల సంఘం న్యాయశాఖకు రాసింది. 2024 ఎన్నికల నాటికీ అది అమల్లోకి రాలేదు.

ఫ్యాక్స్ ఎక్కడ చెల్లుతుంది?

అమెరికా పౌరసత్వం తీసుకుని హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉంటున్న తెలుగువాళ్లకు ఇది అవసరమైన విషయం. వీరికి ఓసీఐ కార్డు ఉన్నా భారత్‌లో ఓటు ఉండదు, అమెరికాలో మాత్రం ఉంటుంది.

అక్కడ సైనికులకు, విదేశాల్లో ఉండే పౌరులకు 1986లో చేసిన చట్టం ఒకటుంది. దాని కింద ఎఫ్‌పీసీఏ అనే ఒకే దరఖాస్తుతో ఓటరు నమోదూ, బ్యాలెట్ కోసం అర్జీ రెండూ అయిపోతాయి. 1990లో గల్ఫ్‌కు సైన్యం వెళ్లినప్పుడు, ఆ ఎడారి నుంచి తపాలా నమ్మలేక ఫ్యాక్స్ సదుపాయం పెట్టారు. ఈమెయిల్‌ను ఫ్యాక్స్‌గా మార్చి ఎన్నికల కార్యాలయానికి చేరవేసే ఏర్పాటు కూడా తర్వాత వచ్చింది. 2009 సవరణతో ఫెడరల్ ఎన్నికలకు 45 రోజుల ముందే బ్యాలెట్ పంపాలన్న నియమం పెట్టారు.

ఫ్యాక్స్ పంపే ముందు మూడు విషయాలు చూసుకోవాలి. దరఖాస్తును ఏ మార్గంలో తీసుకుంటారో ప్రతి రాష్ట్రం విడిగా నిర్ణయిస్తుంది. ఒకచోట ఫ్యాక్స్, ఈమెయిల్, ఆన్‌లైన్ అన్నీ చెల్లితే, ఇంకోచోట కొన్నే చెల్లుతాయి. దరఖాస్తు ఫ్యాక్స్‌లో చెల్లినంత మాత్రాన వేసిన ఓటు కూడా ఫ్యాక్స్‌లో చెల్లుతుందని కాదు. ఓటును అలా తీసుకునే చాలా రాష్ట్రాలు రహస్య హక్కును వదులుకుంటున్నట్టు సంతకం అడుగుతాయి. ఇక ఈ దరఖాస్తును ప్రతి ఏడాదీ జనవరిలోనే కొత్తగా పంపడం మంచిది. బ్యాలెట్ సమయానికి రాకపోతే ఎఫ్‌డబ్ల్యూఏబీ అనే అత్యవసర బ్యాలెట్ వాడుకోవచ్చు.

సుక్మా జనం ఊరు వదిలితే?

జవానుకు ఓ దారి ఉంది, ప్రవాసికి సగం దారి ఉంది. సుక్మా నుంచే బయటికి వెళ్లినవాళ్లకు ఏ దారీ లేదు.

2005 తర్వాత సల్వాజుడుం కాలంలో వేల మంది ఆదివాసీలు ఊళ్లు వదిలి ఉమ్మడి ఖమ్మం జిల్లా అడవులకు వచ్చారు. మనం గుత్తికోయలు అంటున్నది వీళ్లనే. ఇవాళ్టికీ కోంటా వైపు నుంచి భద్రాద్రి, ఖమ్మం జిల్లాలకు మిరప ఏరడానికి ప్రతి ఏడాదీ కూలీలు వస్తారు. ఆ కోతల కాలమూ లోక్‌సభ ఎన్నికల కాలమూ ఒకటే.

కశ్మీర్ నుంచి వలస వెళ్లినవారికి జమ్మూ, ఢిల్లీలలో ప్రత్యేక పోలింగ్ కేంద్రాలు, పోస్టల్ బ్యాలెట్ ఉన్నాయి. మణిపూర్‌లో నిరాశ్రయులకు 2024లో శిబిరాల దగ్గరే పోలింగ్ పెట్టారు. బస్తర్ నిర్వాసితులకు అలాంటి ఏర్పాటు లేదు. వారు సుక్మాకు తిరిగి వెళ్లి ఓటేయాలి, లేదా ఫారం 8 ద్వారా ఓటును తెలంగాణకో ఆంధ్రకో మార్చుకోవాలి. అలా కొన్ని కుటుంబాలకు ఇక్కడ ఓటరు కార్డులు వచ్చాయి. కానీ పోడు భూమి హక్కు, ఎస్టీ హోదా తేలనివారికి నివాస రుజువు చూపడమే కష్టం.

మిరప కూలీల విషయంలో ఒక మాట గుర్తుంచుకోవాలి. పని కోసం తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన సొంతూరి నివాసం పోదని 20వ సెక్షన్ చెబుతోంది. ఇంట్లో లేరన్న ఒక్క కారణంతో పేరు తొలగిస్తే అభ్యంతరం చెప్పొచ్చు. దేశంలోపలి వలస ఓటర్ల కోసం రిమోట్ ఓటింగ్ యంత్రం నమూనాను ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించింది. పార్టీల అభ్యంతరాలతో అది అక్కడే ఆగింది.

ఇంట్లో జవాను ఉంటే ఇప్పుడే చూడాల్సినవి

ఎన్నికల ప్రకటన వచ్చాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. నామినేషన్ల ఆఖరి రోజు తర్వాత ఓటర్ల జాబితాలో కొత్త పేరు చేర్చరు.

- సర్వీస్ ఓటర్ల జాబితా చివరి భాగంలో పేరు ఉందా? తండ్రి పేరు, ఊరు సరిగా ఉన్నాయా?
- ఊరి సాధారణ జాబితాలో పాత పేరు మిగిలి ఉందా? ఉంటే ఏది ఉంచుకోవాలో తేల్చుకున్నారా?
- పోర్టల్‌లో ఇచ్చిన ఫోన్ నంబరు ఇప్పటికీ వాడుతున్నదేనా? సిమ్ మారితే ఓటీపీ రాదు.
- ఇటీవల బదిలీ అయితే కొత్త యూనిట్ వివరాలు రికార్డు ఆఫీసుకు చేరాయా?
- పోస్టల్ బ్యాలెటా, ప్రాక్సీయా అన్నది ముందే నిర్ణయించుకున్నారా?

ఈ ఐదింటికీ సమాధానం ఉంటే, బ్యాలెట్ వచ్చిన రోజు క్యాంపులో చేయాల్సిన పని గంటలో అయిపోతుంది.